గజ్జె ముందా, ఆట ముందా?



“ఆడలేక మద్దెల ఓడు” అను సామెత మీరెల్లరు నెఱిగినదే. ఆట రానివాడు నెపమును వాద్యము మీదికి నెట్టును. పిల్లలు ఆట సామాను కావలెనని యడిగినపుడు, “ముందు ఆట నేర్చుకొనుము, సామాను సంగతి తరువాత చూతము” అని మనము చెప్పు సమాధానమునకు ఈ సామెతయే మూలాధారము. ముప్పది యేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పినవాడను గనుక ఈ మాట నా నోటను లెక్కకు మిక్కిలిగా వెలువడినది. ఇప్పుడు తీరిక చిక్కినది. ఆ మాటను ఒకపరి యిటు నటు త్రిప్పి చూడదలచితిని.

మొదట మన యింటి సంగతి. కనగానపల్లి చుట్టుపట్ల చెక్కభజన యెఱుగని పల్లె యుండదు. చేతిలో లోహపు బిళ్ళలు కూర్చిన చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, నడుమునకు రంగుగుడ్డ, తలకు పాగా, ఇదియే దాని సామగ్రి. గురువు రాత్రివేళ గుడి ముంగిట పిల్లలను వరుసదీర్చి నెలల తరబడి అడుగులు వేయించును. అడుగు కుదురువఱకు గజ్జె కట్టనీయడు. నాట్యవిద్యయందును గజ్జెపూజ యనునది పాఠము ముదిరిన పిమ్మట జరుగు వేడుకయే. దీనికి భక్తి యొక కారణము. వ్యవహార కారణము మఱియొకటి కలదు. గజ్జె తప్పడుగును దాచదు, పదిమందికి చాటును. రానివాని కాలికి గజ్జె కట్టినచో ఆట యంతయు చెడును. కావున మన పెద్దలు గజ్జెను విద్యకు చివర నుంచిరి.

జపాను దేశమున దీనికి ఎదురుగా నిలుచు నానుడి యొకటి కలదు. “కతాచి కర హైరు” అని వారందురు. రూపము గుండ లోపలికి ప్రవేశించుట యని దాని భావము. ఒక విద్యను మొదలుపెట్టువాడు ముందుగా ఆ విద్యకు తగిన వేషమును, పరికరములను అమర్చుకొని, ఆ దారిని లోనికి పోవును. దీనిని కొందఱు మెచ్చుకోలుగా ననుదురు, కొందఱు ఎగతాళిగా ననుదురు. గజ్జె ముందు, ఆట వెనుక యన్నమాట. ఈ నానుడికి నేడు మిక్కిలి చక్కని యుదాహరణము వారి మంచుపలక యాట. మంచు కంటికి కానరాని సీమలో మంచుపలక మాట యేల యందురేమో. కొంచెము ఓపిక పట్టుడు, నాగలి పట్టినవారికి ఈ యాట సులభముగా బోధపడును.

మన సీమలో ఏడాదికి పడు వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదియైనను వేళకు వచ్చునన్న నమ్మిక లేదు. జపానునకు పడమటి తీరముననున్న నీగతా సీమ సంగతి వేఱు. చలికాలమున సైబీరియానుండి వచ్చు గాలి నడుమనున్న సముద్రము మీదుగా తడి మోసికొని వచ్చి కొండలకు తగిలి, ఆ తడినంతయు మంచుగా క్రుమ్మరించును. కొన్ని కొండపల్లెలలో మంచు ఇంటి చూరుదాక పేరుకొనును. ఆ మంచుమీద జాఱుటకు పాదమునకొకటి చొప్పున రెండు పొడుగాటి చెక్కలు కట్టుకొను విద్యను స్కీయింగు అందురు. 1911 జనవరిలో ఆస్ట్రియా సేనాని లెర్ఖ్ అనునతడు నీగతాలోని తకదా పట్టణమున జపాను సైనికులకు దీనిని నేర్పెను. మంచుపలక మాత్రము దానికి చెల్లెలు వంటిది, వయసున చాల చిన్నది. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను నతడు క్రిస్మసునాడు తన కూతురి వినోదము కొఱకు రెండు స్కీ చెక్కలను ప్రక్కప్రక్కన బిగించి ఒక పలక చేసెను. అదియే పెరిగి పెద్దదై, 1998లో జపానులోని నాగానోలో జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో మొట్టమొదటిసారి పోటీకెక్కెను.

ఆ పలక సుమారు అయిదడుగుల పొడవు, అడుగునకు లోపు వెడల్పు. నడుము సన్నము, కొనలు వెడల్పు. అంచుల వెంట ఉక్కు బద్దీ. ఆడువాడు దానిపై అడ్డముగా నిలిచి రెండు పాదములను బిగించుకొని కొండవాలున దిగును. ఇక మలుపు తిరుగుటలో రెండు రీతులు కలవు. నేర్వనివాడు పలక వెనుకభాగమును ప్రక్కకు ఈడ్చి తిరుగును. అప్పుడు మంచు చెదరి గుట్టలు పడును, వేగము తగ్గును. నేర్చినవాడు పలకను ఒక అంచుమీద వాల్చి, ఆ సన్నని నడుము వంపు తానే గీచు వంకర గీత వెంట పోవును. వెనుకకు తిరిగి చూచినచో మంచుమీద సన్నని చాలు ఒక్కటే కనబడును. దీనినే వారు కార్వింగు అందురు, కోసికొని పోవుట యని యర్థము. తడి ఎక్కువైన చేనిలో నాగలి ఈడ్చినచో మన్ను పెళ్ళలు పెళ్ళలుగా లేచుటయు, అదునుపదునున దున్నినచో చాలు తీర్చినట్లు పడుటయు మీరెఱిగినదే. చాలును చూచి దున్నినవాని పనితనము చెప్పగల పెద్దలు మన యూళ్ళ నిప్పటికి నున్నారు. మంచుమీది చాలును చూచి ఆడినవాని పనితనము చెప్పువారు జపానున నున్నారు. అచటి మంచుపలక సంఘమువారు ఈ విద్యకు మెట్లు మెట్లుగా పరీక్షలు పెట్టి పట్టాలిత్తురు. వినోదమునకు సైతము పరీక్ష పెట్టిన వారినిచూచి బడిపంతులనైన నాకు ముచ్చట వేసినది. ఈ కోత విద్యయందే తోమోకా తకేఉచి యను హొక్కయిడో స్త్రీ 2014 సోచి ఒలింపిక్సులో వెండి పతకము గెలిచినది.

ఇక సామాను మోజు సంగతి. టోక్యో నగరమున కాందా ఒగవామాచి యను పేట ఆటసామాను అంగళ్ళకు పేరుపొందినది. దానిని ఆనుకొనియే జింబోచో యను పాతపుస్తకాల పేట యున్నది. నన్ను విడిచినచో నా కాళ్ళు ఏ ప్రక్కకు పోవునో చెప్పనక్కఱలేదు. ఒగవామాచిలో పలకలు, జోళ్ళు, పట్టీలు, చేతితొడుగులు, మంచుకళ్ళద్దములు, అడుగున పూయు మైనము, అంచు నూఱు ఆకురాళ్ళు అంతస్తులుగా పేర్చి యుండును. ఇంతకన్న వింత, రాబోవు చలికాలపు పలకకు ఈ చలికాలము ముగియుచుండగనే బయానా కట్టుదురు. మంచు కరగి, వేసవి గడచి, మరల మంచు పడువఱకు ఆ పలక వారి తలపులలోనే జాఱుచుండును. ఇదంతయు వెఱ్ఱి యని త్రోసివేయవచ్చును. అంగడివాని మాయ యనవచ్చును. అది కొంత నిజమే. 1990వ దశకమున కోటి 80 లక్షల మంది దాక జపానువారు మంచుకొండలకు పోయిరి; టోక్యోనుండి గంటన్నర లోపల కొండ యడుగున దింపు రైలు సైతము 1990లో గాలా యుజావాకు వచ్చెను. తరువాత ఆ సంఖ్య మూడవవంతునకు లోపడెను. సామాను కొని, రెండుమార్లు ఆడి, మూల పడవేసినవారెందఱో ఆ లెక్కలోనే యున్నారు. మిగిలినవారు మాత్రము ఆడుచునే యున్నారు, అంచులు నూఱుకొనుచునే యున్నారు.

అయినను ఈ మోజువలన ఒక పెద్ద మేలు జరిగినది. అది చెప్పుటకే ఇంత దూరము వచ్చితిని. లెర్ఖ్ స్కీ నేర్పిన మఱుసటి యేడే, అనగా 1912లో, నాగానోలో ఒగసాకా వారు స్కీలు చేయ మొదలిడిరి. నేడు మంచుపలకలును చేయుచున్నారు. మఱియొక కథ మీకు దగ్గఱది. మన పిల్లల చేతులలోని బ్యాడ్మింటన్ రాకెట్ల మీద యోనెక్స్ అను పేరు చదివియుందురు. ఆ సంస్థను 1946లో నీగతాలోనే మినోరు యోనెయామా యనునతడు నెలకొల్పెను. మొదట అతడు చేసినది చేపలవలలకు కట్టు చెక్క బెండ్లు. ప్లాస్టిక్ బెండ్లు రాగా చెక్కబెండ్ల నడుగువాడు లేకపోయెను. అతడు క్రుంగిపోక, చెక్క పనితనమునే ఆధారము చేసికొని, 1957లో రాకెట్లు చేయనారంభించెను. 1990వ దశకమున అదే సంస్థ మంచుపలకలు చేసెను. చూడుడు, చెక్కపని పోయినదనుకొన్న చోట ఆట వచ్చి ఆదుకొన్నది.

మన యూళ్ళలోను వడ్రంగి యుండెను. నాగలి, కాడి, గొఱ్ఱు, బండిచక్రము, పిల్లవానికి బొంగరము, బిళ్ళంగోడు అన్నియు ఆతని బాడిసె క్రిందనే పుట్టెడివి. ఇనుపనాగలి వచ్చెను, ట్రాక్టరు వచ్చెను. వడ్రంగి కొడుకు బెంగుళూరునకు తలుపులు బిగించు కూలికి పోయెను. మన పిల్లలు ఆడు బ్యాట్లు కాశ్మీరునుండియు, మీరట్, జలంధర్ పట్టణములనుండియు వచ్చును. 1947లో దేశము చీలినపుడు సియాల్‌కోట్ విడిచి వచ్చిన పనివారు ఆ రెండు పట్టణములను ఆటసామాను నెలవులుగా తీర్చిరి. ఇందులో ఒక చోద్యము వినుడు. హాకీ కఱ్ఱలను చిరకాలము అక్కడివారు చేసినది మల్బరీ కొయ్యతోనే. ఆ మల్బరీ మన హిందూపురము, ధర్మవరము చుట్టును తోటలు తోటలుగా పెరుగుచున్నది! మనము దాని ఆకు కోసి పట్టుపురుగులకు వేసి, కొమ్మను ఎప్పటికప్పుడు నఱకి పొదగానే యుంచుదుము. అది మాను కాజాలదు. ఆకు మనకు పట్టుచీరయై కూడు పెట్టుచున్నది గనుక నేను తప్పు పట్టను. చేని గట్లమీది పది చెట్లనైనను మాను కానిచ్చినచో ఏమగునో మాత్రము అప్పుడప్పుడు ఆలోచించుచుందును.

పనిముట్టుపై గౌరవము మనకు క్రొత్తది కాదు. ఆయుధపూజనాడు నాగలికిని, కొడవలికిని, మగ్గమునకును పసుపుకుంకుమలు పెట్టుదుము. ధర్మవరపు నేతగాండ్రు ఆ దినము మగ్గము తొక్కరు. జపానువారు ఫిబ్రవరి 8వ తేదీన విఱిగిన సూదులను మెత్తని టోఫు గడ్డలో గ్రుచ్చి, ఇంతకాలము గట్టిబట్టలలో పాటుపడిన వానికి విశ్రాంతి యిత్తురట. మనము మొక్కునది పనిచేయు పరికరమునకు, వారు మొక్కునది పని చాలించిన పరికరమునకు. ఇట్టివారిరువురును సామానును వట్టి వ్యామోహమని యెట్లందురు?

అయితే సామాను ధర వాకిలి దగ్గఱ నిలిచి బీదవానిని వెనుకకు పంపునపుడు సంగతి మాఱిపోవును. నేను పనిచేసిన ఒక బడిలో ఒక బాలిక యుండెడిది. చేనిగట్ల మీద పరుగెత్తి పరుగెత్తి గాలివలె పరుగిడెడిది. ఒకమాఱు పోటీకి కొనిపోగా, జోళ్ళు లేనివారిని పరుగునకు నిలుపుట కుదరదనిరి. ఎవరి జోళ్ళో తెచ్చి తొడిగితిమి. రెండు వ్రేళ్ళ కొలత ఎక్కువగుటచే మలుపున జాఱి పడినది. “ముందు ఆట, తరువాత సామాను” అను మాట ఆ పిల్లకు ఎవరు చెప్పగలరు? ఆట ఆమెకు వచ్చును. గజ్జెయే లేదు.

ఈ కొఱతను మన జిల్లాలలో కొంత తీర్చిన చోటు అనంతపురము. విన్సెంట్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారు అచట క్రీడాగ్రామము కట్టి, క్రికెట్, హాకీ, జూడో మొదలగువానిని పల్లెపిల్లలకు నేర్పించిరి. 2010లో స్పెయిను టెన్నిసు వీరుడు రఫాయెల్ నాదల్ పేరి సంస్థ అక్కడనే పేదపిల్లలకు టెన్నిసు బడి తెఱచెను. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు ఆ మైదానముననే జరిగెను. మన యువకులు బస్సులెక్కి పోయి చూచి వచ్చిరి. అట్లు చూచి వచ్చిన పిమ్మటనే ఇండ్లలో బ్యాటు గోల హెచ్చినది.

ఆ గోల నావద్దకును వచ్చినది. మా ప్రక్కయూరి పెద్దరైతు ఒకడు వచ్చి, “అయ్యవారూ, మా మనమడు బ్యాటు కావల్లంటాండాడు. నాలుగువేలంట. ఆటకన్నా ఆట సామాను బరువైపాయ. ఈయల్నా, వద్దా, మీరే చెప్పాల” అనెను. సామెత నాలుకచివరకు వచ్చినది. దానిని ఆపి, “పిల్లవాడు ఇప్పుడు దేనితో ఆడుచున్నాడు?” అని యడిగితిని. రైతు మఱునాడు దానిని తెచ్చి చూపెను. వేపపలకను పిల్లవాడే చెక్కుకొన్నాడు. పిడికి సైకిలు ట్యూబు చుట్టినాడు. అది చినిగినపుడెల్ల క్రొత్తది చుట్టుకొన్నాడు. అంచు చీలిన చోట సన్నని తీగెతో బిగించినాడు. రెండేండ్లుగా ప్రతి ఉదయము బడికి ముందు ఆడుచున్నాడట. పలకమీద బంతి తగిలిన గుర్తులు చూచితిని. అవి చెదరుమదురుగా లేవు, నడుమనే గుమిగూడి యున్నవి.

“చెనిక్కాయలు అమ్మిన పిమ్మట కొనిపెట్టుము. జోళ్ళు మాత్రము వాని కాలి కొలతకే కొనుము” అంటిని.

ఆ యేడు కాయ కొంచెము పండినది. ధర్మవరమునకు పోయి బ్యాటు తెచ్చినారు. క్రొత్త బ్యాటును వెంటనే ఆటకు దింపరాదు. దానికి అవిసెనూనె పూసి, ఆరనిచ్చి, కొయ్యసుత్తితో గంటల తరబడి మెల్లమెల్లగా తట్టుచు కొయ్యను గట్టిపఱుపవలెను. లేనిచో మొదటి బంతికే చీలును. పిల్లవాడు బడికి పోయిన వేళ తాత వేపచెట్టు నీడను కూర్చుండి ఆ బ్యాటును ఒడిలో నిడుకొని తట్టుచుండగా చూచితిని. మూడు దినములు తట్టినాడు.