చేపలు పట్టడానికి కూడా డిగ్రీయా?

అమెరికాలో ఏం చదివావని అడిగితే, వేట, ఫిషింగ్, క్యాంపింగ్ వ్యాపారాలు నడిపే చదువు అంటాను. అందరూ నవ్వుతారు. మా నాన్నగారైతే "చేపలు పట్టడానికి అంత ఫీజా?" అన్నారు.

నిజానికి గాలం వేయడం అందులో చిన్న ముక్క. మిగతాదంతా అకౌంట్లు, ఇన్సూరెన్స్, ఫస్ట్ ఎయిడ్, జంతువుల జీవశాస్త్రం, చట్టాలు. అక్కడ అడవి జంతువులు ప్రజలందరివీ, ప్రభుత్వం వాటికి కాపలాదారు. వేట లైసెన్స్ డబ్బులు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తాయి. 1937 చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద వేసే 11 శాతం పన్నూ వాటికే. 1950లో ఫిషింగ్ సామాను మీదా అలాంటి చట్టమే వచ్చింది.

ఒక వేసవిలో ఫిషింగ్ లాడ్జిలో పనిచేశాను. ఒకాయన లిమిట్ దాటి ఇంకో రెండు చేపలు ఉంచుకుంటానని వంద డాలర్లు చూపించాడు. ఆ నెల అద్దెకి నా దగ్గర డబ్బుల్లేవు. అయినా కుదరదన్నాను. ఆయన ఓనరుకి చెప్పాడు. ఓనరు నా పక్షానే నిలబడి, "పర్మిట్ పోతే లాడ్జి మూసుకోవాలి" అన్నాడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర వేట నేరం. కానీ నేలపట్టు పక్షులకైనా, అడవిలో ట్రెక్కింగ్‌కైనా ఇదే చదువు పనికొస్తుంది. డబ్బిచ్చే కస్టమర్‌కి "ఇక్కడితో ఆపండి" అని చెప్పగలరా? చెప్పగలిగితేనే ఈ లైన్‌లోకి రండి.