తాతగారి రివాల్వరు: ఏది, ఎప్పటిది, ఎంత పలుకుతుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను లోహాలతో పనిచేసే ఇంజనీరును. నాకు తెలిసినదాంట్లో ఇంటికి పనికొచ్చే విషయం ఒకటి చెప్పమన్నారు. మన పత్తి, మిర్చి ఊళ్ళలో పాత ఇల్లు పంచుకునేటప్పుడు బీరువాలోంచి ఒక్కోసారి రివాల్వరు బయటపడుతుంది. మన బ్యాచ్ మిత్రుడొకడు అలాంటి ఫొటో పంపి, "ఒరేయ్, ఇదేంటి, ఎప్పటిది, ఎంత పలుకుతుంది?" అని అడిగాడు. నేను చెప్పేది ఆ మూడు ప్రశ్నల గురించే.

ముందు ఒక మాట. అది ఖాళీగా ఉందని ఎవరూ అనుకోకూడదు. పిల్లల్ని దూరంగా పంపండి, మీరూ ముట్టుకోకండి. తెలిసినవాళ్ళు తూటాలు తీసి చూపించాకే మిగతా పరీక్షలు.

మొదటిది, అదేమిటి? చేతికి తేలికగా ఉంటే తూకం వేయాలి. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1950లో 'కోబ్రా' తెచ్చింది. అదే కంపెనీ ఉక్కు రివాల్వరు 'డిటెక్టివ్ స్పెషల్' దాదాపు 600 గ్రాములు. ఫ్రేము అల్యూమినియం మిశ్రమలోహంతో చేయడం వల్ల కోబ్రా సుమారు 425 గ్రాములే. ఉక్కు సాంద్రత 7.8, అల్యూమినియం 2.7 అని మన ల్యాబులో నేర్చుకున్నదే. ఇలాంటి వాటిలో అయస్కాంతం బ్యారెల్‌కు అంటుకుంటుంది, ఫ్రేముకు అంటదు.

రెండోది, ఎప్పటిది? స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 'ఎయిర్‌వెయిట్' 1952లో వచ్చింది. మొదట్లో సిలిండరు కూడా అల్యూమినియంతోనే చేశారు. తూటా పేలేది సిలిండరులోనే. అక్కడి పీడనానికి ఆ లోహం ఆగదని తేలి, 1954 నుంచి ఉక్కు సిలిండరు పెట్టారు. కాబట్టి సిలిండరుకు అయస్కాంతం అంటకపోతే అది తొలి రకం కావచ్చు. సేకరించేవాళ్ళకు అది అరుదైనది, పేల్చేవాళ్ళకు ప్రమాదం. 1957 నుంచి ఆ కంపెనీ మోడల్ నెంబరు కూడా ముద్రించింది. సిలిండరు పక్కకు తెరిస్తే లోపల కనిపిస్తుంది. మనకు ఇంకో ఆధారం ఉంది. పాత లైసెన్సు పుస్తకంలో, ఎన్నికలప్పుడు స్టేషన్లో జమచేసిన రసీదుల్లో తయారీ, సీరియల్ నెంబరు దొరకవచ్చు. తుక్కు కాగితాలని పారేయకండి.

మూడోది, విలువ. గుంటూరు యార్డులో మిర్చికి ధర కట్టేవాళ్ళు రంగు, తేమ, తాలు చూస్తారు. ఇక్కడా అంతే. అసలు పూత ఉందా, నెంబర్లు సరిపోతున్నాయా, యంత్రం బిగువుగా ఉందా అని చూస్తారు. కొత్తగా మెరుగు పెట్టిస్తే ధర పెరగదు, పడిపోతుంది. ఎవరిదో రుజువుంటే లెక్కే వేరు. 1963లో ఓస్వాల్డ్‌ను జాక్ రూబీ కాల్చిన కోబ్రా 1991 వేలంలో 2,20,000 డాలర్లు పలికింది.

అమెరికా ధరను రూపాయల్లోకి మారిస్తే మన ధర రాదు. 1980ల మధ్య నుంచి మన దేశంలోకి వ్యక్తులు విదేశీ తుపాకులు తెచ్చుకోవడం ఆగిపోయింది. అందుకే ఇక్కడ పాతవాటికి గిరాకీ. కానీ ఆ ధర లైసెన్సు ఉన్నవాళ్ళ మధ్యే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, సొంత ఆయుధం లైసెన్సుదారుడికి అమ్మాలన్నా 45 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకో పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలపాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకుంటే జైలుశిక్ష పడే నేరం.

మా మిత్రుడి సంగతి అదే. లైసెన్సు తాతగారి పేర ఉంది, ఆయన లేరు. చట్టం చెప్పేది, ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేయమని. ముందు స్టేషనుకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు అప్పగించి రసీదు తీసుకున్నాడు. ఆ తరవాతే వారసుడిగా దరఖాస్తు పెట్టాడు. ధర సంగతి దాని ఫలితం వచ్చాక.

ఇక్కడ మనలో చాలామందికి యాభై దాటాయి. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే అదెక్కడుంది, పుస్తకం ఎక్కడుంది, తరవాత ఎవరికి చెప్పాలి, ఒక కాగితం మీద రాసి పెట్టండి. అది మీ పిల్లల్ని కోర్టు చుట్టూ తిరగకుండా కాపాడుతుంది.