హాన్‌ఫర్డ్ చూసి వచ్చాక
(బాన్సువాడలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికా విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అక్కడి రోడ్లు, దుకాణాల సంగతి మీ పిల్లల ద్వారా వినే ఉంటారు. నేను ఒక్క చోటు గురించే చెబుతాను.

2019లో సియాటెల్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు అల్లుడు మమ్మల్ని హాన్‌ఫర్డ్‌కు తీసుకువెళ్లాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో అణుబాంబు పని జరిగిన ఓక్‌రిడ్జ్, లాస్ అలమోస్, హాన్‌ఫర్డ్‌లను కలిపి 2015లో జాతీయ చారిత్రక పార్కు చేశారు. పార్కు అంటే పూలమొక్కలుంటాయని మా ఇంటావిడ అనుకున్నది. తీరా చూస్తే ఎండిన మైదానం, పక్కన కొలంబియా నది.

రిచ్‌లాండ్ పట్టణం నుండి బస్సులో ఉచితంగానే తీసుకువెళ్లి బి రియాక్టర్ చూపించారు. అది 1944 సెప్టెంబరులో నడక మొదలుపెట్టింది. ఇంటి కంటే ఎత్తయిన గ్రాఫైట్ దిమ్మె, దానిగుండా 2,004 గొట్టాలు, వాటిలో యురేనియం ముక్కలు. నది నీటితో చల్లబరిచేవారు. నిజాంసాగర్ నీళ్లు తాగిన మనకు, నదిని ఇందుకు కూడా వాడతారా అనిపిస్తుంది. 1945 ఆగస్టు 9న నాగసాకిపై వేసిన బాంబులోని ప్లుటోనియం హాన్‌ఫర్డ్‌దే. పనిచేసిన వేలమందిలో చాలామందికి తాము చేస్తున్నదేమిటో తెలియదట.

మరునాడు మరో బస్సులో పాత ఊళ్ల జాగాలు చూశాము. ఒక బడి మొండిగోడలు, ఒక చిన్న బ్యాంకు కట్టడం మిగిలాయి. 1943లో అక్కడివారికి ఖాళీ చేయమని ప్రభుత్వ నోటీసులు వచ్చాయి. కొందరికి 30 రోజులే గడువు. అవి పండ్ల తోటల ఊళ్లు. చాలామందికి ఆ ఏటి పంట దక్కలేదు. సమాధులను సైతం తవ్వి ప్రోసర్ అనే ఊరికి తరలించారు.

అందరూ ఫోటోలు తీస్తుంటే, ఆ నోటీసులు ఇంటింటికీ మోసిన గుమస్తా ఎవరో అని నాకు తోచింది. నా సర్వీసులో కొన్నేళ్లు భూసేకరణ పనిలో గడిచాయని మీలో కొందరికి తెలుసు. బీర్కూర్ వైపు ఒక ఊళ్లో, కాలువ పనికిగాను, ఒక ముసలమ్మకు నోటీసు ఇచ్చాను. ఆమెవి నాలుగు మామిడిచెట్లు, నిండా కాయ. “కాయ తెంపుకునేదాక ఆగరాదు బిడ్డా” అన్నది. గడువు నా చేతిలో లేదన్నాను. అది అబద్ధం కాదు. కానీ పైవారికి ఒక ముక్క రాసి అడగవచ్చు, అడగలేదు. వేలిముద్ర వేయించుకొని సైకిలెక్కాను. వారంలో చెట్లు కొట్టేశారు.

ఆమె పేరు ఎంత తలచినా గుర్తు రావడం లేదు. ఆవైపు మిత్రులెవరైనా ఉంటే సభ ముగిశాక నాతో ఒకసారి మాట్లాడవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.