పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా

 

మనమున్న ఈ బడంగ్‌పేట్ నిన్నమొన్నటిదాకా పల్లె. ఇక్కణ్ణుంచి సాగర్ రోడ్డెక్కితే ఇబ్రహీంపట్నం, యాచారం. శ్రీశైలం రోడ్డు పడితే కందుకూరు, కడ్తాల్. పట్టాలు అందుకుంటున్న మీలో అలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. మీతోపాటు అయిదో తరగతి చదివిన ఆడపిల్లల్లో ఎంతమంది ఈ రోజు పట్టా పుచ్చుకుంటున్నారో ఒక్కసారి తలుచుకోండి.

మన రంగారెడ్డి జిల్లాలోనే 1991లో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ బడి బయటి పిల్లల కోసం పని మొదలుపెట్టింది. బడిలో లేని పిల్లలందరూ బాలకార్మికులే అన్నది వాళ్ల సూత్రం. తమ్ముణ్ణి చంకనేసుకుని బిందెతో నీళ్లు మోసే పిల్లను అప్పటిదాకా ఎవరూ ఆ లెక్కలో వెయ్యలేదు. ‘ఇంటిపట్టునే ఉందిగా’ అనేవాళ్లు. అందుకే ఆ సూత్రం వల్ల ఎక్కువ మేలు జరిగింది ఆడపిల్లలకే అని నా నమ్మకం. పిల్లల్ని బడికి పంపమని ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పింది ఫౌండేషన్ పనిచేసిన ఊళ్ల యువతే. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొదట అక్షరం నేర్చినవాళ్లు. పిల్లల్ని బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది.

ఇప్పటి చిక్కు ఇంకోచోట ఉంది. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. ఆడపిల్ల పెళ్లికి చట్టం చెప్పే వయసు పద్దెనిమిది. మధ్యలో నాలుగేళ్లు ఆమె చదువు ఇంట్లోవాళ్ల దయ. పది పాసైన పిల్ల టీసీ బడి బీరువాలోనే ఉండిపోతుంది. అడిగితే ‘సంబంధాలు చూస్తున్నాం’ అంటారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు జీరో టికెట్ ఉంది కాబట్టి, బస్సు నడిచే ఊళ్లలో ఛార్జీల సాకు చెల్లదు. బస్సే రాని ఊళ్లున్నాయి, దాని కోసం విడిగా కొట్లాడాలి. కానీ తమ్ముడికి ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టే ఇంట్లో అక్క చదువుకు డబ్బుల్లేవంటే దాన్ని పేదరికమని నేను ఒప్పుకోను. అది వివక్షే.

ఆనాడు ఇల్లిల్లూ తిరిగినవాళ్లూ మీలాంటి కుర్రవాళ్లే. పది ఫలితాలు రాగానే మీ ఊరి బడికి వెళ్లండి. టీసీ తీసుకోని ఆడపిల్లలెవరో హెడ్మాస్టరు గారిని అడగండి. వాళ్ల నాన్నతో మాట్లాడండి, వినకపోతే మళ్లీ వెళ్లండి. పద్దెనిమిది నిండకుండానే పెళ్లి చేస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. అబ్బాయిలూ, ఇది అమ్మాయిల పనేలే అని తప్పుకోకండి; మీ ఇంట్లో చెల్లెలి చదువు మాన్పించే మాట వస్తే ముందు అడ్డుపడాల్సింది మీరే. ఈ వేసవిలో మీలో ప్రతి ఒక్కరూ ఒక్క పిల్లనైనా ఇంటర్‌లో చేర్పించి, ఆ సంగతి మీ అధ్యాపకులకు ఫోన్ చేసి చెప్పండి.