చూపు వచ్చినదా అని అడుగుడు

(హైదరాబాదు గచ్చిబౌలిలో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీరు మాదాపురము మీదుగా వచ్చుచు, దారి పొడవునను అద్దాల మేడలను చూచియుందురు. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి గారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. నాడు ఆ చుట్టుప్రక్కల బండరాళ్లు, తుప్పలు విస్తారముగా నుండెను. నేడు ఈ ప్రాంతమంతయు సైబరాబాదు. మీ గ్రామముల యువతీయువకులు పలువురు ఇచ్చట ఇంజనీర్లుగాను, డ్రైవర్లుగాను, కావలివారుగాను పనిచేయుచున్నారు.

ఈ మేడలలో జరుగు పనికి ఒక సౌలభ్యము కలదు. ఒక ప్రోగ్రామును ఒకచోట సరిగా వ్రాసినచో, దానిని వేయి కంప్యూటర్లలో పెట్టినను ఒకే తీరున పనిచేయును. వైద్యశాలలో జరుగు మంచిపనికి అట్టి నకలు తీయుట సాధ్యము కాదు. ఒకచోట చక్కగా జరిగిన చికిత్స పది ఊళ్లకు ప్రాకునప్పటికి, నీరు కలిపిన పాలవలె పలుచబడవచ్చును. బోర్డు అదియే యుండును; ఫలితము మాత్రము వేరగును. మంచి పద్ధతిని పలుచబడకుండ ఊరూరికి చేర్చుట ఎట్లు? ఈ ప్రశ్నకు మన తెలుగునాట నేత్రవైద్యము చక్కని సమాధానము చెప్పుచున్నది.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి మనవి చేసెదను. నా చిన్నతనమున మా మేనత్తకు రెండు కన్నులకును పొర వచ్చినది. దీనినే వైద్యులు శుక్లమనియు, మన పల్లెలలో మోతిబిందు అనియు అందురు. పొరుగూరి బడిలో శిబిరము పెట్టి ఆమెకు ఒక కంటికి ఆపరేషను చేసిరి. కంటిలోపల కటకము అమర్చు పద్ధతి అప్పటికి మా ప్రాంతపు శిబిరములకు రాలేదు. పొర తీసి, దళసరి అద్దములు ఇచ్చి పంపిరి. ఆరు నెలలకు ఆ అద్దములు క్రిందపడి పగిలినవి. మరల ఎక్కడ దొరుకునో చెప్పువారు లేరు. ఆపరేషను జరిగినవారి జాబితాలో మా అత్త పేరు తప్పక ఉండియుండును. కాని ఆమె చివరి దినమువరకు గోడ పట్టుకొనియే నడచినది. శిబిరము నడపినవారు చెడ్డవారు కారు, శ్రద్ధతోనే పనిచేసిరి. ఆమెకు చూపు వచ్చినదా అని తరువాత అడుగు ఏర్పాటు మాత్రము వారికి లేకపోయినది.

ఇక అసలు విషయమునకు వత్తము. 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను నెలకొల్పినారు. సినిమా రంగ ప్రముఖులైన ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబము ఇందుకు భూరివిరాళమిచ్చినది. నగరములో ఉత్తమ వైద్యము లభించుచున్నను, పల్లెలలో ఎందరు చూపులేక యున్నారో తెలిసికొనుటకు ఆ సంస్థవారు 1996 మొదలు 2000 వరకు ఒక పెద్ద సర్వే జరిపిరి. హైదరాబాదులోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలలోను 10,293 మందిని పరీక్షించిరి. నూటికి 1.84 మంది అంధత్వముతో నుండిరి. వారిలో నూటికి 60 మందికి కారణము శుక్లములు, లేక అద్దములతో సరిపడు దృష్టిదోషము. అనగా, సులభమైన చికిత్స ఉండియు, అది అందక చీకటిలో నున్నవారే ఎక్కువ!

ఈ పరిస్థితిలో నగరమున మరియొక పెద్ద ఆసుపత్రి కట్టినంతమాత్రమున చాలదు. కూలి మానుకొని, తోడు ఒకరిని వెంటబెట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని వృద్ధురాలు అంతదూరము రాగలదా? అందువలన 1996లో నాటి ఆదిలాబాదు జిల్లాలోని ముథోలులో తొలి గ్రామీణ నేత్రవైద్య కేంద్రమును తెరచిరి. అది నిలద్రొక్కుకొనిన పిమ్మట మెట్లు మెట్లుగా ఒక కట్టడి ఏర్పరచిరి. సుమారు 5,000 జనాభాకు ఊరిలోనే కంటి బాగోగులు విచారించు కార్యకర్తలు. 50,000 మందికి ఒక దృష్టి కేంద్రము. 5 లక్షల మందికి ఆపరేషను చేయగల గ్రామీణ ఆసుపత్రి. 50 లక్షల మందికి పెద్ద ఆసుపత్రి. 5 కోట్ల మందికి అన్నిటికి పై మెట్టుగా పరిశోధన, శిక్షణ కలిగిన కేంద్రము.

ఈ కట్టడి నిలుచుటకు మూడు కారణములు కనిపించుచున్నవి. మొదటిది, మనుష్యులు. దృష్టి కేంద్రములో పనిచేయువారు ఆ ప్రాంతపు యువతీయువకులే. వారికి సుమారు ఒక సంవత్సరము శిక్షణ ఇచ్చి తిరిగి అచ్చటికే పంపుదురు. రోగి మాట, ఊరి దారి వారికి తెలియును. రెండవది, హద్దు. క్రింది మెట్టువారు తాము చేయగలిగినది చేసి, చేయలేనిదానిని పై మెట్టుకు పంపవలెను. అద్దములు దృష్టి కేంద్రములోనే ఇత్తురు. కత్తి పట్టవలసిన పని ఆసుపత్రికి విడుతురు. మూడవది, లెక్క. ఎందరు వచ్చిరి అని మాత్రమే గాక, చికిత్స తరువాత ఎందరికి ఎంత చూపు వచ్చినదో కూడ వ్రాసిపెట్టవలెను. మా అత్త విషయమున లేకపోయినది ఈ మూడవదియే.

ఈ లెక్కలు పెరిగినకొలది వాటినుండి క్రొత్త తెలివి పుట్టును. గచ్చిబౌలిలో కార్యాలయమున్న మైక్రోసాఫ్టు సంస్థ 2016లో ఎల్.వి. ప్రసాద్ సంస్థతో చేయి కలిపి, వేలకొలది రోగుల వివరములనుండి కంటిజబ్బుల తీరును ముందుగా గ్రహించు ప్రయత్నము ప్రారంభించినది. అయినను ఎంతటి యంత్రమైనను, దృష్టి కేంద్రములో కూర్చున్న అమ్మాయి నిజముగా కొలిచి వ్రాసిన అంకెమీదనే ఆధారపడునని మరువరాదు.

ఒక సంస్థ చేసిన పని ఒక ఎత్తు. రాష్ట్రమంతట చేయుట మరియొక ఎత్తు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో తెలంగాణ ప్రభుత్వము కంటి వెలుగు కార్యక్రమమును ప్రారంభించినది. వైద్య బృందములు ఊరూరికి వెళ్లి, తొలి విడతలో సుమారు ఒకటిన్నర కోట్ల మందిని పరీక్షించినవి. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మములో మొదలైనది. లక్షలాది జనులకు ఇంటి ముంగిటనే అద్దములు లభించినవి. ఇది సామాన్యమైన పని కాదు. అయితే పరీక్ష సగము పని మాత్రమే. అద్దములు పొందినవారు వాటిని ధరించుచున్నారా? ఆపరేషను అవసరమని చీటీ పొందిన ముసలమ్మ ఆసుపత్రికి పోయినదా, లేక ఆ చీటీ ఇంకను ట్రంకుపెట్టెలోనే యున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు రాజధానిలో దొరకదు. మీ వార్డులో దొరకును.

ప్రపంచ దేశములును ఈ దారికే వచ్చినవి. 2021లో ప్రపంచ ఆరోగ్య మహాసభ నేత్రవైద్యమునకు 2030 నాటికి చేరవలసిన లక్ష్యములను నిర్ణయించినది. శుక్లముల విషయమున ఆపరేషనుల సంఖ్యను మాత్రమే గాక, ఆపరేషను పిమ్మట మంచి చూపు పొందినవారి వంతును లెక్కింపవలెనని అందలి సారము.

కావున సభ్యులారా, మీరు ఊరికి పోయిన వెంటనే చేయదగిన పని యొకటి చెప్పెదను. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. మీ గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘమును సమావేశపరచుడు. ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, యాబదియేండ్లు దాటిన ప్రతివారి పేరును వ్రాయుడు. కన్ను పరీక్ష జరిగినదా. అద్దములు వచ్చినవా, వాడుచున్నారా. ఆపరేషను అవసరమన్నచో ఏ తేదీన జరిగినది. నెల తరువాత చూపు ఎట్లున్నది అని నాలుగు గడులు గీయుడు. ఆపరేషను అయిన కంటికి ఎరుపు, నొప్పి, చీము కనిపించినను, చూపు తగ్గినను, ఆ దినముననే ఆసుపత్రికి పంపుడు; ఆలస్యము చేసినచో కన్నే పోవచ్చును. గ్రామసభలో పేర్లు చదువవద్దు, ఒకరి రోగము పదిమందిలో చెప్పుట మర్యాద కాదు. అంకెలు మాత్రము చదువుడు. మూడు నెలలకొకసారి ఆ అంకెలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి అందజేయుడు.

నాలుగవ గడి ఖాళీగా ఉన్నచో, మిగిలిన మూడు నిండినను పని ముగిసినట్లు కాదు. మా మేనత్త ఉన్న ఊరిలో అట్టి పుస్తకమొకటి యుండి, దానిని చేతబట్టి ఎవరైన ఒకరు ఆమె గడపలో నిలిచి, "అమ్మా, చూపు కనబడుచున్నదా?" అని అడిగియున్నచో, ఒక జత అద్దములతో ఆమె బ్రతుకు వెలుగులో సాగియుండెడిది. మీ ఊరిలో ఆ ప్రశ్న అడుగువారు మీరే కావలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.