నీటిపై నమ్మకము



పల్లెటూరి బాలుడు ఈత నేర్చుటకు నడుమున ఎండు సొరకాయ బుర్రలు కట్టుకొని బావిలో దిగును. కొన్నాళ్ళకు ఒక బుర్రను, మరికొన్నాళ్ళకు రెండవదానిని పెద్దలు విప్పివేయుదురు. నాడు తనకు ఈత వచ్చినదని వాడు పొంగిపోవును. వచ్చినమాట నిజమే. కాని బావికి నలుప్రక్కల ఒడ్డు కనుపించుచుండును. అలలు లేవు, ప్రవాహము లేదు. ఏటిలోను సముద్రములోను ఈదగోరువాడు మరల ఓనమాలు దిద్దుకొనవలసినదే.

సముద్రలంఘన మనగానే మనకు హనుమంతుడు జ్ఞప్తికి వచ్చును. ఆయనకు బలము పుట్టుకతోనే కలదు. మరచియున్న ఆ బలమును కిష్కింధాకాండ చివర జాంబవంతుడు గుర్తుచేసెను. సామాన్యుని సంగతి వేరు. వానికి గుర్తుచేయుటకు ముందు బలమును కూడబెట్టవలసియున్నది. నీటిపై నమ్మకము వరముగా లభించునది కాదు. దినమునకు కొంత చొప్పున జమపడునది.

మిహిర్ సేన్ అను వంగదేశీయుడు లండనులో న్యాయశాస్త్రము చదువుకొనుచుండెను. ఫ్లారెన్స్ చాడ్విక్ అను అమెరికా వనిత ఇంగ్లీషు ఛానలును ఈదిన వార్తను పత్రికలో చదువగా, తానును ఆ పని చేయవలెనని ఆయనకు కోరిక పుట్టెను. నాటికి ఆయన ఈతలో ఆరితేరినవాడు కాడు. వై.యం.సి.ఏ.లో చేరి విద్యార్థివలె అభ్యసించెను. కొన్ని ప్రయత్నములు విఫలమైన పిమ్మట 1958 సెప్టెంబరు 27న, 14 గంటల 45 నిమిషములలో ఛానలును దాటిన మొదటి భారతీయుడయ్యెను.

ఆ ఛానలు మిక్కిలి ఇరుకైనచోట సుమారు 33 కిలోమీటర్లు. కాని దాదాపు ఆరు గంటల కొకసారి పోటు ప్రవాహము దిశ మార్చుటచే ఈతగాని దారి వంకరపోయి మరింత పొడవగును. ప్రక్కనే పడవ నడచుచున్నను దానిని పట్టుకొన్నచో ఈత చెల్లదు. ఆహారమును సహితము పడవను తాకకయే అందుకొనవలెను.

ఇట్టి ఈతకు సాధన ఎట్లు చేయుదురు? మొదటిది శ్వాస. చన్నీటిలో దిగినంతనే ఊపిరి ఎగబీల్చుకొనిపోవును, గుండె దడదడలాడును. ఒకటి రెండు నిమిషములు కదలక తేలియున్నచో ఆ ఆందోళన తగ్గును. పలుమారులు దిగినచో దేహము చలికి అలవడును. రెండవది దిక్కు. సముద్రగర్భమున గీతలు గీచియుండవు. కావున కొన్ని బారల కొకసారి తల యెత్తి ఒడ్డుననున్న చెట్టునో గోపురమునో గురిచూచుకొనవలెను. మూడవది దారి. క్రొత్తవాడు లోతునకు పోక ఒడ్డు వెంబడి ఈదవలెను. నాలుగవది విశ్రాంతి. అలసినప్పుడు వెల్లకిల తేలుట చేతకాకున్నచో ఎంత వేగము వచ్చినను ప్రయోజనము లేదు. అయిదవది తోడు. ఎంతటి నేర్పరియైనను ఒంటరిగా దిగరాదు.

వెనుదిరుగుటయు ఈ విద్యలో ఒక భాగమే. కుమారి ఆరతీ సాహా 1959 ఆగస్టు 27న ఛానలులో దిగి, ఆవలి తీరము మరి కొద్ది మైళ్ళున్నదనగా ఎదురు ప్రవాహముచే ప్రయత్నమును విరమించవలసివచ్చెను. 33 దినముల పిమ్మట, సెప్టెంబరు 29న, మరల దిగి 16 గంటల 20 నిమిషములలో దాటెను. ఆసియా వనితలలో ఛానలును ఈదిన మొదటి ఆమె యని కీర్తి గాంచెను. నాడు నీటినుండి పైకి రాకున్నచో రెండవసారి దిగుటకు అవకాశమే లేకపోవునేమో!

మన తెలుగువారిలోను ఇందుకు నిదర్శనము కలదు. శ్రీమతి గోలి శ్యామల నడివయస్సున ఈత నేర్చినవారు. వారు 2021 మార్చి 19న శ్రీలంక తీరమున బయలుదేరి, రామసేతువు చెంతనున్న పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈది ధనుష్కోటి చేరిరి. దూరము సుమారు 30 కిలోమీటర్లు. లెక్క కట్టినచో గంటకు రెండు కిలోమీటర్లకు కొంచెము పైచిలుకు; నింపాదిగా నడచువాని వేగములో సగము! పిమ్మట 2024 డిసెంబరు చివర విశాఖపట్నమున దిగి, దినమునకు కొంత చొప్పున ఈదుచు, 2025 జనవరి మొదట కాకినాడ చేరిరి. అది సుమారు 150 కిలోమీటర్ల దూరము. గొప్ప ఫలము వేగమువలన గాక ఆగని బారవలన సిద్ధించినది.

యువకులారా! ఏటేట వేసవిలో చెరువులందును కాలువలందును ఎందరో బాలురు ప్రాణములు కోల్పోవుచున్నారు. వారిలో ఈత రానివారే కాదు, కొద్దిగా వచ్చినవారును కలరు. నేర్పునకు తక్కువైన ధైర్యమువలన కలుగు నష్టము స్వల్పము. నేర్పును మించిన ధైర్యము అప్పు. ఆ అప్పును నీరు వాయిదా లేకుండ వసూలు చేయును. లోతు తెలియని నీట దూకకుడు. వరద కాలువలో దిగకుడు. మునుగుచున్నవానిని చూచి గభాలున దూకక, త్రాడో వెదురు గడయో పంచెయో అందించుడు, కేక వేసి పదిమందిని పిలువుడు.

గ్రంథము చదివినంతమాత్రమున ఈత రాదు. కాని మిహిర్ సేన్‌ను సముద్రమునకు నడిపించినది పత్రికలో చదివిన ఒక వార్తయే. ఈ గ్రంథాలయపు బల్లలమీద నేడు ఏ బాలుడు ఏ పుట తిప్పుచున్నాడో! కోరికను ఆ పుట ఈయవచ్చును. సాధన మాత్రము వాడు చేసికొనవలెను. మొదటి దినములలో ఒడ్డున నిలిచి కనిపెట్టియుండు బాధ్యత పెద్దలది.