చేతులతో పలికే మాట
(సెప్టెంబరు 23, అంతర్జాతీయ సంజ్ఞాభాషల దినోత్సవ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మరాఠీలో వెలువడే పురపాలక ప్రకటనలను తెలుగులోకి తేవడం, తెలుగువారి అర్జీలను మరాఠీలో నివేదించడం నా ఉద్యోగం. భాష రాని కారణంగా ముంబయిలో మనవారెవరూ నష్టపోరాదన్నదే ఈ పని ఉద్దేశం. అయితే మన ఇళ్ళలోనే ఉన్న ఒక భాష నాకు తెలియదని గత సంవత్సరం గ్రహించాను.

పాలమూరు నుంచి వలస వచ్చిన ఒక తల్లి, ఇరవై ఏళ్ళ కుమార్తెను వెంటబెట్టుకొని నా బల్ల వద్దకు వచ్చింది. అమ్మాయి బధిరురాలు, బధిరుల వసతి పాఠశాలలో చదివింది. అర్జీ ఆమెదే అయినా, నేను ప్రశ్నలన్నీ తల్లినే అడిగి వ్రాసుకున్నాను. అంతలో వరుసలో నిలబడిన ఒక మరాఠీ యువకుడు ఆమెను చూచి చేతులతో పలకరించాడు. అతడూ బధిరుడే. ఇద్దరి మధ్య సంభాషణ సాగింది. ఆమె నవ్వింది, ఏదో వాదించింది. చివరకు నా కలం తీసుకొని, నేను వ్రాసిన పుట్టినతేదీని దిద్దింది. తల్లి నివ్వెరపోయి, “నా బిడ్డ గింత మాట్లాడుతదని నాకు తెల్వదు సారూ” అన్నది.

ఆ మాట నన్ను నేటికీ వదలలేదు. “చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు” అని మనం తేలికగా అంటాము. ఆనాడు శంఖం ఊదినవాడను నేనే.

సంజ్ఞాభాష అంటే తెలుగు మాటలను చేతులతో అనుకరించడం కాదు. దానికి తనదైన వ్యాకరణం ఉన్నది. భారతీయ సంజ్ఞాభాషలో “ఎక్కడ”, “ఎవరు” వంటి ప్రశ్నార్థక సంజ్ఞలు వాక్యం చివర వస్తాయి. కనుబొమలు, ముఖకవళికలు కూడా వ్యాకరణంలో భాగమే. ప్రాంతాన్నిబట్టి కొన్ని సంజ్ఞలు మారినా, వ్యాకరణం చాలవరకు ఒక్కటే. అందువల్లనే పాలమూరు అమ్మాయి, మరాఠీ యువకుడు అనువాదకుడు లేకుండానే మాట్లాడుకోగలిగారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువును వీడియోల రూపంలో సిద్ధం చేసింది. హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, అనంతరం మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో నెలకొన్న జాతీయ సంస్థ మన బాంద్రాలోనే ఉన్నది.

నిఘంటువు సంజ్ఞలను నేర్పగలదు. సంభాషణను మాత్రం బధిరుల వద్దనే నేర్చుకోవాలి. నేను ఒక బధిర ఉపాధ్యాయుని వద్ద నేర్చుకుంటున్నాను. ఆయన ముందుగా నేర్పినది మర్యాద. పిలవాలంటే భుజంపై మెల్లగా తట్టాలి, లేదా కనబడేలా చేయి ఊపాలి. వెలుతురు మన ముఖంమీద పడేలా నిలబడాలి. అనువాదకుడు పక్కన ఉన్నా, బధిరుని వైపే చూచి మాట్లాడాలి. “మూగ” అన్న మాట మానుకోవాలి. మాట రాకపోవడం వేరు, భాష లేకపోవడం వేరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. చేతులు కదిపితే నలుగురూ నవ్వుతారని బిడ్డను వారించకండి. వినికిడి యంత్రం పెట్టించినా, మాటలు నేర్పించినా, సంజ్ఞాభాషను దూరం చేయనవసరం లేదు. ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటూ భోజనం చేస్తుండగా, ఎందుకు నవ్వుతున్నారో తెలియక కూర్చునే బిడ్డ ఒంటరితనాన్ని తలచుకోండి. రోజుకు ఐదు సంజ్ఞలైనా ఇంట్లో అందరూ కలిసి నేర్చుకోండి.

ఆ తల్లి ఇప్పుడు కుమార్తె వద్దనే నేర్చుకుంటున్నది. మొన్న కార్యాలయానికి వచ్చినప్పుడు ఆమెను నేను ప్రశ్నలు అడగలేదు. అమ్మాయి వైపు తిరిగి, తడబడుతూనే, చేతులతో పేరు అడిగాను. ఆమె నా వేళ్ళను సరిదిద్ది, తరువాత సమాధానం చెప్పింది.